అడిగి వచ్చినవాళ్లు

ఆయన్ని వీధిలో అందరూ గేటాయన అనే అంటారు. మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర తల నెరిసేదాకా, ఆపైన బట్టతల అయ్యేదాకా కాపలా కాసి ఈమధ్యే రిటైరయ్యాడు. పాసు మర్చిపోయి వచ్చిన యజమానినే ఒకసారి వానలో నిలబెట్టిన ఘనుడు. ఆ కథ వినని చుట్టం లేడు. రెండోసారి వినే ఓపిక ఉన్న చుట్టమూ లేడు.

బయట అంతటి పులి, ఇంట్లో పిల్లి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఈయన రచ్చ గెలిచి అక్కడితో ఆగిపోయాడు. ఇంట్లో ఏం జరిగినా, జరిగిపోయాకే ఆయనకు తెలిసేది. ఒకసారి డ్యూటీ దిగి వస్తే గోడలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. ఇల్లు తప్పి వచ్చాననుకుని, గుమ్మంలోనే "క్షమించాలి" అని వెనక్కి తిరిగాడు పాపం. "మన ఇల్లే, రండి" అని భార్య పిలవాల్సి వచ్చింది.

"రంగు వేయించమంటారా అని ఒక్క మాట అడగొచ్చుగా."

"అడిగితే వద్దంటారా ఏంటి?" అందావిడ.

వద్దనడు, నిజమే. అయినా ఆ మాట ఆయన మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఇక కంప్యూటరు సంగతి. అది కూతురిది. ఇళ్లకు ప్లాన్లు గీసే పని ఆ అమ్మాయిది. పగలు ఆమె పనిచేసే చిన్న ఆఫీసుకు వెళ్లగానే ఈయన కంప్యూటరు ముందు కూర్చుని వార్తలు చదువుకునేవాడు. ఒకరోజు వార్తల మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది. రంగు రంగుల బొమ్మ, కంపెనీ పేరు, కింద ఎంతో మర్యాదగా ఒక వాక్యం: "లోపలికి రావడానికి మీ అనుమతి కోరుతున్నాం."

గేటాయన వీపు నిటారుగా పెట్టాడు. కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆ ఇంట్లో ఆయన అనుమతి కోరిన మొదటి ప్రాణి అదే.

వృత్తిలో ఆయనకో సూత్రం ఉండేది. దొంగ అడిగి రాడు, గోడ దూకుతాడు. ఆగి, పేరు చెప్పి, ఫొటో చూపించి, రావచ్చా అని అడిగేవాడు పెద్దమనిషి. ఇదీ ఆగింది, పేరు చెప్పింది, బొమ్మ చూపించింది. ఇంకేం కావాలి? "సరే" అని నొక్కాడు.

సరే అన్న పాపానికి అది తన చుట్టాలనీ తీసుకొచ్చింది. వాతావరణం చెప్పేది ఒకటి, చవక బేరాలు చెప్పేది ఒకటి, జుట్టు మొలిపించేది ఇంకొకటి. అన్నీ గుమ్మంలో ఆగి అడిగినవే, అన్నిటికీ ఆయన సరే అన్నాడు. కూతురు మాత్రం ఈమధ్య కంప్యూటరు నత్తలా నడుస్తోందని విసుక్కునేది. చాప కింద నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఆమెకు తెలియదు.

ఇంతలో ఆ అమ్మాయికి ఒక పెద్ద కంపెనీ నుంచి కబురొచ్చింది. రేపు ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని, గీసిన ప్లాన్లు తెరమీద చూపించి మాట్లాడాలి. నచ్చితే ఉద్యోగం. ఎన్నాళ్లుగానో ఆమె కలగన్న ఉద్యోగం అది. ఆ సాయంత్రమే తల్లిని ఆఫీసరుగా కూర్చోబెట్టి రిహార్సల్ మొదలుపెట్టింది.

"ఇది పడగ్గది అండీ. కిటికీ తూర్పుకి..."

పడగ్గది మధ్యలో ఓ బట్టతల ప్రత్యక్షమైంది. దానిమీద నెమ్మదిగా జుట్టు మొలిచింది. వెంటనే ఒక ఆడగొంతు, "అభినందనలు, మీరు కారు గెలిచారు" అని కేక పెట్టింది. దాన్ని మూస్తే ఇంకో రెండు లేచాయి.

"నేను గనక నిజంగా ఆఫీసర్నయితే నిన్ను తీసుకోను" అంది తల్లి నిజాయితీగా.

కూతురు చెమటలు తుడుచుకుంటూ లోపల వెతికింది. కంప్యూటరు నిండా ముక్కూమొహం తెలియని ప్రోగ్రాములు. "ఇవన్నీ ఎవరు రానిచ్చారు?"

"నేనే" అన్నాడు గేటాయన, పేపరు వెనకనించి. "అడిగారు, ఇచ్చాను."

"కంచే చేను మేసిందన్నమాట" అంది భార్య.

"యజమానినే ఆపినవాడివి, వీటిని ఆపలేకపోయావా నాన్నా? రేపు నా బతుకేం కావాలి?" అంది కూతురు.

ఆయన పేపరు దించాడు. చేసింది తప్పని అప్పుడే అర్థమైంది. సిగ్గేసింది. అయినా లోపలున్న మాట ఆగలేదు. "అవి నన్ను అడిగాయమ్మా. ఈ ఇంట్లో నన్నెవరు అడుగుతారు?"

తల్లి ఆకుపచ్చ గోడవైపు చూసి, చూపు తిప్పేసుకుంది.

కూతురు లేచి ఇంకో కుర్చీ తెచ్చి తన పక్కన వేసింది. "రా నాన్నా. లోపలికి పంపింది నువ్వు, బయటికి పంపేదీ నువ్వే. ఈ బేరాలదాన్ని తీసేయనా?"

ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. తెరవంక చూశాడు. "వద్దు" అన్నాడు.

"నాన్నా..."

"ఊరికే అన్నాను. వద్దంటే ఎలా ఉంటుందో చూద్దామని. తీసెయ్."

ఒక్కొక్కటే వెళ్లాయి. కొన్ని ఏడుపు మొహం బొమ్మ పెట్టి "నిజంగానే మమ్మల్ని పొమ్మంటారా?" అని దీనంగా అడిగాయి. "నిజంగానే" అన్నాడాయన. జుట్టు మొలిపించేదాని దగ్గర మాత్రం చెయ్యి తలమీదికి వెళ్లింది. కాస్త ఆలోచించి, దాన్నీ పొమ్మన్నాడు.

మర్నాడు కూతురు గదిలో మాట్లాడుతున్నంతసేపూ గేటాయన గుమ్మం బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. భార్య మంచినీళ్లు పట్టుకొచ్చింది.

"ఏం పని?" అన్నాడు.

"నీళ్లివ్వాలి."

"లోపలున్నవాళ్లు అడిగారా?"

ఇంకోరోజైతే ఆవిడ గ్లాసు ఆయన నెత్తిన కుమ్మరించేదే. ఆరోజు మాత్రం గ్లాసుతో వెనక్కి వెళ్లింది.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. కూతురి మొహం వెలిగిపోతోంది. "రమ్మన్నారు నాన్నా. కానీ వేరే ఊళ్లో. అక్కడే ఉండాలి. రేపటిలోగా చెప్పమన్నారు." వచ్చి తండ్రి ఎదుట నిలబడింది. "చేరమంటావా?"

అన్నిటికీ రెప్పపాటులో సరే అన్న మనిషి దీనికి అనలేకపోయాడు. "ఆలోచించి చెప్తాను" అన్నాడు.

"ఇందులో ఆలోచించడానికేముందట?" అని వంటింట్లోంచి వినిపించింది.

"అడిగింది నన్ను" అన్నాడు గేటాయన.

సాయంత్రం టీ అయ్యేదాకా ఆలోచించాడు. కూతురు తొందరపెట్టలేదు, ఎదురుగా కూర్చుని వేచి చూసింది. పిల్ల లేని ఇల్లు ఆయన కళ్లముందు మెదిలింది. వద్దు అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఈసారి అది వేళాకోళం కాదు. దాన్ని టీతోపాటే మింగేశాడు.

"సరే, చేరు" అన్నాడు. కప్పు కింద పెట్టి, మొహం పక్కకు తిప్పుకుని మళ్లీ అన్నాడు: "మొదటిరోజే పాసు మర్చిపోయేవు. గేటు దగ్గర మనిషి అడుగుతాడు."