పేరు మరిచిన అత్త

నింగమ్మ వంటింట్లో దయ్యం మసలుతోందని, దాని పాదాలు వెనక్కి తిరిగి ఉన్నా ముగ్గు మాత్రం ముచ్చటగా వేస్తోందని, ఎదురింటి హనుమవ్వ నల్లా దగ్గర అందరితో అన్నదట. ఆ మాటను పక్కింటి చెన్నవ్వ మోసుకొచ్చి నింగమ్మకే అప్పజెప్పింది.

"దయ్యమైతే ఏంది? ఇంట్ల పని చేస్తది. హనుమవ్వ కోడలు చేస్తదా?" అంది నింగమ్మ.

పైకి అలా అన్నది గానీ అది ఎవరి దయ్యమో చెప్పలేదు. వచ్చినదెవరో ఆమెకు మొదటిరోజే తెలుసు. కుడి కనుబొమ్మ మీద ఆ కాలిన మచ్చ ఇంకెవరికుంది? ఆరేళ్ళ కిందట పోయిన అత్త. ఏటా పాత ఊరి ఇంట్లో, పోయినవాళ్ళకు వండిపెట్టే పెత్రమాస అమావాస్యకు కొడుకు పెట్టింది తిని పోయేది. పోయిన కార్తీకంలో ఆ ఇల్లు కరెంటు ప్లాంటు కిందికి పోయింది, వీళ్ళు కొత్త కాలనీకి మారారు. తన గడప కనబడక కృష్ణ ఒడ్డంతా తిరిగి తిరిగి, ముసలమ్మ దారితోపాటు మతి కూడా పోగొట్టుకుంది. తానెవరో తెలియదు. ఎవరి మీద కోపగించుకోవాలో అంతకన్నా తెలియదు.

అదే నింగమ్మకు పండుగైంది. బతికుండగా ప్రతి కూరకూ వంక పెట్టిన మనిషి ఇప్పుడు "నీ వంట వాసనకే ప్రాణం లేచొస్తది బిడ్డా" అంటోంది. బియ్యం ఏరుతోంది, నింగమ్మకు జడ వేస్తోంది. ప్లాంటులో పనికెళ్ళే నింగమ్మ భర్త యల్లేశ్ కంటికి మాత్రం ఆనదు. తల్లుల దయ్యాలు కొడుకులకు కనబడవు కాబోలు.

చెన్నవ్వ ఊరుకోక మంత్రగాడు మహదేవప్పను పిలుచుకొచ్చింది. ఆయన ఏదో గొణిగి గుప్పెడు బూడిద దయ్యం మొహాన కొట్టాడు. రోజూ యల్లేశ్ చొక్కా దులిపితే రాలే ప్లాంటు బూడిదలో తిరిగేదానికి అదొక లెక్కా? ముసలమ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "సన్నగుంది. గిన్నెలు మంచిగ తోమొచ్చు. ఇంకింత ఉందా సామీ?" అంది.

"నీ పేరు చెప్పు ముందు."

"నీకెరుకుంటే జర నువ్వే చెప్పు. పుణ్యముంటది."

మహదేవప్ప సంచి సర్దుకుని, పోతూ పోతూ నింగమ్మను పక్కకు పిలిచాడు. "పేరు పెట్టి పిలిచి పెట్టందే దీనికి మెతుకు దిగదు. ఈ పెత్రమాస దాటితే కరిగిపోతది."

నిజమే. ముసలమ్మ పొయ్యి ముందు కూర్చుంటే ఆమెలోంచి మంట కనబడుతోంది.

పెత్రమాసనాడు విస్తరి వేసి పోయినవాళ్ళ పేరు పిలవాల్సింది కొడుకే. యల్లేశ్‌కు సెలవు దొరకలేదు. "నువ్వే పిలువు," అని సైకిలెక్కాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో నింగమ్మ అత్త పేరు పలికింది లేదు, కోడళ్ళు పలకరు. పిలవకుండా ఉండడానికి ఆ వంక చాలు. పిలిస్తే ఈ మంచి ముసలమ్మ పోయి ఆ పాత అత్త వచ్చి కూర్చుంటుంది.

గారెలు, పాయసం, చింతకాయ తొక్కు వడ్డించి నింగమ్మ చేతులు కట్టుకు కూర్చుంది. ఎదురుగా దయ్యం వాసన పీలుస్తోంది.

"ఎవరికి బిడ్డా ఇంత వండినవ్? ఎవరోగానీ పెట్టి పుట్టింది."

నింగమ్మ విస్తరిని ఆమె ముందుకు జరిపింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మంజమ్మత్తా, రా. తిను," అంది.

ఏడాది ఆకలి. విస్తరి ఖాళీ అయ్యేదాకా మంజమ్మ తల ఎత్తలేదు. తింటున్నకొద్దీ చిక్కబడింది, ఆమె వెనక గోడ కనబడడం మానేసింది. నుదుటి మడతలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. మూతి ఎడమకు తిరిగింది.

"యాదికొచ్చిందా అత్తా?" అని నింగమ్మ మెల్లగా అడిగింది.

"అంతా యాదికొచ్చింది," అంది మంజమ్మ చెయ్యి దులుపుకుంటూ. "నన్ను గట్లనే ఉంచితే నీ సొమ్మేం పోతుండె?"