మా ఆయన ముక్కు, నా రిపోర్టు

నాకు తొమ్మిదో నెల. పైగా జ్వరం, దగ్గు. ఆ కరోనా రోజుల్లో దగ్గితే చాలు, ఎదురింటివాళ్లు కిటికీలు మూసేసేవారు. పురిటి వార్డులో మంచం కావాలంటే టెస్టు రిపోర్టు తెమ్మన్నారు. జబ్బు లేదని ఉంటే సరే. ఉందంటే జ్వరాల వార్డుకి పంపుతారు, పుట్టిన బిడ్డని తల్లి పక్కన ఉంచరు. నా బెంగంతా అదే. బిడ్డ నా పక్కన పడుకోవాలి, అంతే.

మా ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతారు. ఆ కారులో ఆయన వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. పదిహేనేళ్లుగా ఎదుటివాళ్లు తొక్కాల్సిన బ్రేకులన్నీ ఈయనే తొక్కుతున్నారు. ఇంట్లోనూ అదే వరస. నాకు పొలమారితే మంచినీళ్లు ఆయన తాగుతారు.

టెస్టు చేసే అతను గుమ్మంలో పుల్లా గొట్టం ఉన్న సంచి పెట్టి, గేటు అవతలికి పరిగెత్తాడు. "ముక్కులో తిప్పి, గొట్టంలో వేసి, అక్కడే పెట్టండి!" అని కేకేశాడు. నేను నడుం పట్టుకుని లేచేలోపు మా ఆయన అంతా ముగించుకుని వచ్చి కూర్చున్నారు.

"ఏవండీ, ముక్కు ఇక్కడుంటే పుల్ల ఎటు పోయింది?"

"నా ముక్కులో పెట్టి ఇచ్చేశాను. నేను గుండ్రాయిలా ఉన్నానుగా! రిపోర్టు శుభ్రంగా వస్తుంది, నీకు మంచం దొరుకుతుంది. నువ్వేం కంగారుపడకు."

ఓరి భగవంతుడా! అప్పుడే నాలుగు దులిపేయాల్సింది. కానీ నిజం చెప్పొద్దూ, బిడ్డ నా పక్కనే ఉంటుందన్న ఆశ నాకూ పుట్టింది. ఊరుకున్నాను.

మర్నాడు రిపోర్టు వచ్చింది. నా పేరు మీద, జబ్బు ఉందని.

ఇక చూడాలి మా ఇంటి సంబడం! అత్తయ్య నా కంచం స్టూలు మీద పెట్టి చీపురుకర్రతో నెట్టేవారు. కొడుకునేమో పక్కన కూర్చోబెట్టుకుని, "దీని మూలంగా నా తండ్రి ఎంత చిక్కిపోయాడో" అంటూ తన చేత్తో తినిపించేవారు.

"అత్తయ్యా, ఆ ముక్కు మీ అబ్బాయిదే" అన్నాను.

"నీ జబ్బు నా కొడుక్కి అంటగడతావా!" అని ఇంతెత్తున లేచారు. ముక్కు మార్చినందుకు కేసు పెడతారని భయపడి, ఆయన గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నారు.

నొప్పులు రాగానే నన్ను జ్వరాల వార్డులో పడేశారు. అక్కడా చెప్పాను. "రిపోర్టు మీ పేరు మీదే ఉంది కదమ్మా" అన్నారు. మళ్లీ చేయండి బాబూ అంటే, పది రోజుల దాకా రూలు ఒప్పుకోదట. నా ముక్కు నాదేనని రుజువు చేసే కాగితం ఏ ఆఫీసులో ఇస్తారో నాకు తెలియదు.

ఆడపిల్ల పుట్టింది. ఏడుపు విన్నాను, అంతే. గుడ్డలో చుట్టి అద్దం తలుపు అవతలికి తీసుకుపోయారు. అక్కడ అత్తయ్య, మా ఆయన నిలబడి ఉన్నారు. నర్సు ఇద్దరి నుదుటికీ థర్మామీటరు గురిపెట్టింది.

"జ్వరం లేదు. తండ్రేగా, ఇంటికి తీసుకెళ్లండి" అంటూ బిడ్డని అందించబోయింది.

కుట్లు లాగుతున్నా లేచి రెండు చేతులతో అద్దం బాదాను. "ఇవ్వకండి! ఆయనకివ్వకండి!"

"పురిటి నీరసం, ఏదో వాగుతోంది" అన్నారు అత్తయ్య.

మా ఆయన చేతులు చాచారు. పిల్ల ముఖం చూశారు. చేతులు వాటంతటవే వెనక్కి పోయాయి.

"ఆ రిపోర్టు నాది సిస్టర్. ముక్కు నాది" అన్నారు.

అప్పటిదాకా కొడుకు భుజం పట్టుకుని నిలబడ్డ అత్తయ్య చటుక్కున చెయ్యి తీసేసి, రుమాలుతో ముక్కు మూసుకున్నారు.

నర్సు చడామడా తిట్టింది. తిట్టి మాత్రం ఏం లాభం? పిల్లని ఎవరికివ్వాలి? ఆయనకి కుదరదు. ఆయనకి తినిపించిన చేతులకీ కుదరదు. కొత్త రిపోర్టు వచ్చేదాకా నాకూ కుదరదు. నర్సు చూస్తుండగా నా ముక్కులో నేనే పుల్ల పెట్టుకున్నాను. జవాబు రావడానికి రెండు రోజులు పట్టింది. నాకున్నది ఉత్త జలుబట.

ఇప్పుడు మా ఆయన ఈ కథ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెబుతారు. "ఆ క్షణంలో నేను నిజం చెప్పబట్టి సరిపోయింది" అంటారు. అందరూ ఆహా అంటారు. ఆ రెండు రోజులు ఆయన కథలో ఉండవు. పాలకి నా బట్టలు తడిసిపోతుంటే, అద్దం అవతల తొట్టిలో నా పిల్ల ఏడ్చి ఏడ్చి తనంతట తనే ఊరుకునేది. మూడో రోజు నా ఒళ్లో పెట్టారు. గుక్కపట్టి ఏడ్చింది. ఎంత జోకొట్టినా ఆపలేదు. మళ్లీ తొట్టిలో పడుకోబెడితే ఊరుకుంది.