వంద వరకు

పసుపు తీగను మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టుకుంటూ వైరు బాబాయి నాలుగో ఇంటి మెట్లెక్కాడు. ఆఫీసులో అందరూ పిలిచే పేరదే. ఇరవై రెండేళ్లుగా తీగలు లాగీ లాగీ తానే తీగలా సన్నబడ్డాడు. చుట్ట మాత్రం నడుం దగ్గర మిగిలింది.

ఇంటర్నెట్ నెమ్మదిగా వస్తోందని మొత్తుకునే ఇళ్లకు వెళ్లి, నెమ్మదేమీ లేదని నెమ్మదిగా నచ్చజెప్పడం ఆయన ఉద్యోగం. ఇంటివాళ్ల ఫోనుకు వచ్చిన నాలుగంకెల కోడ్ వాళ్ల నోట వింటేనే ఫిర్యాదు మూసినట్టు. సాయంత్రం ఆరు లోగా మూయకపోతే ఆయన పేరు పక్కన ఎర్రగీత. ఈ నెల రెండు పడ్డాయి. మూడోది పడితే ఇంటికే. అందుకే జేబులో ఫోను వణికితే, దానికంటే ముందు ఆయన వణికేవాడు.

తలుపు తీసినావిడకు డెబ్బై ఉంటాయి.

"వంద స్పీడన్నారు బాబూ. లోపలి గదిలో ఒకసారొస్తే రెండుసార్లు పోతోంది."

ముందుగదిలోని ఇంటర్నెట్ డబ్బాకు తీగ గుచ్చి, కొలిచి చూపించాడు. "తొంభై ఆరమ్మా. లైను బంగారం."

"మా ఆయన్ని తెచ్చి ఈ డబ్బా మీద పడుకోబెట్టనా? లోపలికి రా."

వెనకగదిలో ఆమె భర్త కళ్లు మూసుకుని పడుకున్నాడు. దుప్పటి ఉందే తప్ప, కింద మనిషున్నట్టు లేదు. మంచం పక్కన, గుండె కొట్టుకోవడాన్ని ఎప్పటికప్పుడు ఆసుపత్రికి పంపే చిన్న యంత్రం. దాని దీపం ఎర్రగా ఉంది.

గోడలకు చెవులుంటాయంటారు. బాబాయి అనుభవంలో వాటికున్నవి నోళ్లే. ఎంత సిగ్నల్ వదిలినా మింగేస్తాయి. ఇక్కడ రెండు గోడలు, మధ్యలో అద్దం బిగించిన ఇనప బీరువా. అలవాటుగా అప్పజెప్పాడు: "వంద మెగాబిట్లమ్మా. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. మీ ఫోను చూపించేది బైట్లు, అంటే పన్నెండున్నరే. పైగా సాయంత్రం వీధంతా ఒకే కుళాయి కింద బిందెలు పెడుతుంది. అయినా వంద అనలేదు, వంద వరకు అన్నారు."

"ఈయన్నీ నూరేళ్ల వరకు అనే దీవించారు" అందామె. "మొన్న దీపం ఎర్రగా ఉన్నప్పుడే గుండె లయ తప్పింది. ఆసుపత్రికి తెలీలేదు. పక్కింటివాళ్లు మోసుకెళ్లారు. అప్పట్నుంచి దీన్నే చూస్తూ కూర్చుంటున్నా. రెప్ప వేస్తే భయం."

ఐదుంపావు దాటింది. బాబాయి ఫోనులో టైము చూసుకున్నాడు. "కోడ్ చెప్పండమ్మా..."

"అది పచ్చబడితే చెబుతా."

యంత్రాన్ని తిప్పి చూశాడు. వెనక తీగ గుచ్చే చోటుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు. డబ్బా నుంచి తీగను బీరువా వెనక దూర్చి, గోడ వారగా మంచం దాకా తెచ్చి గుచ్చాడు. పచ్చబడింది.

ఆమె నేల మీద చతికిలబడి కోడ్ చెప్పింది. ఐదూ నలభైకి ఫిర్యాదు మూతపడింది. బతికిపోయాను అనుకుంటూ బాబాయి తీగ పీకాడు. దీపం ఎర్రబడింది.

ఆమె తీగను గట్టిగా పట్టుకుంది.

"దుకాణంలో దొరుకుతుందమ్మా, ఇరవై మీటర్లు."

"రేపు కొనుక్కుంటా. ఈ రాత్రికి?"

మునుపెవరో తీగలు అమ్ముకున్నారని, ఆఫీసులో ప్రతి తీగ మీదా మోసేవాడి నంబరు ముద్రించి, రోజూ సాయంత్రం కొలుస్తారు. తీగ తగ్గినా ఎర్రగీతే. ఈ నెలకది మూడోది. అయినా బాబాయి తీగను తిరిగి గుచ్చాడు.

"కాసేపు కన్నుమూయండమ్మా" అన్నాడు. ఆ మాట మంచం వైపు వినబడిందేమోనని కంగారుపడి, "మీరు, నిద్రకి" అని దిద్దుకున్నాడు. ఆమె నవ్వింది.

ఆఫీసులో, కొడుకు వయసున్న సూపర్‌వైజరు టేపు పట్టుకుని నిలబడ్డాడు. "తీగేది బాబాయ్?"

"పనిలో ఉంది సార్. రేపు తెస్తా."

"రేపు మీరుండరుగా."

మెళ్లోని కార్డు తీసి బల్లమీద పెట్టి బయటికొచ్చాడు. జేబులో ఫోను వణికింది. ఒళ్లు జలదరించింది. భార్య. "వచ్చేస్తున్నావా?"

"వచ్చేస్తున్నా" అన్నాడు.

ఆ వెనకగదిలో ఆమె గోడకు తల ఆనించి నిద్రపోయింది. నాలుగు వందల పదిహేడు అని ముద్రపడిన పసుపు తీగ ఆమె పాదాల పక్కనుంచి మంచం దాకా సాగి, పచ్చదీపం కింద ఆగి ఉంది.