ఫ్రేములో పట్టని అక్క

పొద్దున్నే స్టూడియో తలుపు తీయగానే ఫోటోగ్రాఫర్ చేసే మొదటి పని లెన్సు తుడవడం. కెమెరాతోపాటు పెట్టెలో వచ్చిన మామూలు కిట్ లెన్సు అది. దాని రింగు మీద పద్దెనిమిది నుంచి యాభై అయిదు దాకా అంకెలుంటాయి. అంకె చిన్నదయ్యేకొద్దీ ఫ్రేములో ఎక్కువమంది పడతారు. ఈ మాత్రం సంగతి కూడా అతను సొంతంగా తెలుసుకున్నది కాదు. కెమెరా కొనిచ్చింది అక్క, దాంతో వచ్చిన పుస్తకం చదివి చెప్పిందీ అక్కే. చదవడమంటే అతనికి చిన్నప్పటి నుంచీ బద్ధకం.

పెద్ద లెన్సు కొనే తాహతు లేక ఈమధ్య ఒక వైడ్ కన్వర్టర్ కొన్నాడు. సీసాకి మూత బిగించినట్టు కిట్ లెన్సు మూతికి తిప్పి బిగించే అద్దం అది. ఇరుకు గదిలో కూడా ఇంటిల్లిపాదినీ పట్టిస్తుంది. దానికీ కొన్ని గుణాలున్నాయి. రింగు పద్దెనిమిది మీద ఉంటే మూలలు నల్లబడతాయి, అందుకని ఇరవైనాలుగు మీద పెట్టాలి. అంచున నిలబడ్డవాళ్ళు అడ్డంగా సాగిపోతారు, అందుకని బక్కపలచనివాళ్ళనే అక్కడ నిలబెట్టాలి. ఇక ఆ గుంపుకు చెందినవాళ్ళెవరైనా గదిలో లేకపోతే, వాళ్ళు కూడా ఫోటోలో పడతారు.

ఈ ఆఖరి గుణానికి వీధి వీధంతా తొందరగానే అలవాటుపడింది. దర్జీ తన కుటుంబం ఫోటో తీసుకోవడానికి వచ్చినప్పుడు, అలిగి రానన్న తమ్ముడు పడ్డాడా అని మాత్రం అడిగాడు. పడ్డాడు, నోట్లో బ్రష్షుతో. అయితే వాడికీ ఒక కాపీ తియ్యమన్నాడు. బ్యాంకువాళ్ళ గ్రూపు ఫోటోలో సెలవు పెట్టిన గుమాస్తా దుప్పటి కప్పుకుని వణుకుతూ కనిపించాడు. జ్వరం నిజమేనని మేనేజరు ఒప్పుకున్నాడు.

ఫోటోగ్రాఫర్ మాత్రం ఆ కన్వర్టర్‌ని ఇంటికి తీసుకెళ్ళేవాడు కాదు. కారణం ఎవరికీ చెప్పలేదు.

అతనుండేది మిల్లు క్వార్టర్లలో. తండ్రి పోయాక ఇల్లు తల్లి పేరు మీదికి మారింది. అక్కడి ఆఫీసుకి ఒక రూలుంది. ఇంటివాళ్ళందరూ కలిసి ముందుగదిలో దిగిన ఫోటో ఫైల్లో ఉండాలి. అందులో ఉన్నవాళ్ళే ఇంటివాళ్ళు. లేనివాళ్ళు, తర్వాత వచ్చిన కోడళ్ళూ పుట్టిన పిల్లలూ తప్ప, చుట్టాల కింద లెక్క, వారం దాటి ఉండకూడదు. ఎనిమిదేళ్ళకోసారి కొత్త ఫోటో ఇవ్వాలి.

ఎనిమిదేళ్ళ కిందట ఆ ఫోటో తీయాల్సి వచ్చినప్పుడు అతనికి పెళ్ళి కుదిరింది. అప్పటికే అక్క భర్తని వదిలి పుట్టింటికి వచ్చేసింది. ఉన్నవి రెండు గదులు. కొత్త పెళ్ళికూతురు వస్తే అక్క ఎక్కడ పడుకుంటుందని అతనికి బెంగ పట్టుకుంది. ఆ బెంగ నోరు తెరిచి చెప్పలేదు. కెమెరాని స్టాండు మీద పెట్టి, కాసేపు లోపలికి చూసి, "గది చాలడం లేదక్కా, నువ్వు ఫ్రేములో పట్టడం లేదు. కాస్త ఇటొచ్చి బటన్ నొక్కు. నీది తర్వాత విడిగా తీస్తాను" అన్నాడు. అక్క వచ్చి నొక్కింది. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. వారం తిరక్కుండా ఆమె తన పెట్టె తీసుకుని, పనిచేసే లాండ్రీ వెనక గదిలోకి వెళ్ళిపోయింది. పోతూ పోతూ తమ్ముడి పెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసి మరీ వెళ్ళింది.

ఇప్పుడు ఆ లాండ్రీ గదిలోకి కొత్త మిషన్లు వస్తున్నాయి. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నారు. "అది ఎక్కడికి పోతుందిరా?" అని తల్లి రెండుసార్లు అడిగింది. అతను రెండుసార్లూ తల దించుకున్నాడు. అక్కని తెచ్చుకోవాలని అతనికీ ఉంది. కానీ తెచ్చుకుంటే రోజూ ఆ మొహం చూడాలి. చేసిన తప్పు పక్కనే కూర్చుని అన్నం తింటుంటే ముద్ద ఎలా దిగుతుంది?

సరిగ్గా అప్పుడే క్వార్టర్ల ఆఫీసు నుంచి కబురొచ్చింది, కొత్త ఫోటో ఇవ్వమని. తల్లి, భార్య, ఇద్దరు పిల్లలు, తను. ముందుగదిలో కొత్తగా బీరువా చేరింది. ఉత్త కిట్ లెన్సుతో పద్దెనిమిది మీద కూడా బీరువా వైపున్న కూతురు సగమే పడింది. స్టూడియో నుంచి కన్వర్టర్ తెచ్చి బిగించక తప్పలేదు. టైమరు పెట్టి పరిగెత్తుకెళ్ళి నిలబడ్డాడు.

ఫోటోలో ఎడమ అంచున అక్క ఉంది. చేతిలో ఇస్త్రీపెట్టె, సాగిపోయిన మొహం.

"పనిలోంచి అలాగే వచ్చింది పాపం" అంది తల్లి.

అంచు పాడయిందని, ఇంకోటి తీస్తానని అన్నాడు. రెండోదాంట్లో అక్క భార్య పక్కకి వచ్చింది.

"మళ్ళీ ఎందుకండీ? వదిన బాగానే పడింది కదా" అంది భార్య.

వెలుతురు చాల్లేదన్నాడు. కిటికీలోంచి ఎండ బీరువా మీద ఫెళ్ళున కాస్తోంది. భార్య ఆ ఎండనీ, అతన్నీ మార్చి మార్చి చూసింది. మూడోదాంట్లో అక్క సరిగ్గా అతని వెనకే నిలబడి, అతని భుజం మీద చెయ్యి వేసింది. అంచున ఉన్న మనిషిని కత్తిరించడం అతనికి చిటికెలో పని. ఇప్పుడు ఆమెని కత్తిరించాలంటే తనని కత్తిరించుకోవాలి. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ఇంక నాలుగోది తీయలేదు.

క్వార్టర్ల ఆఫీసులో గుమాస్తా పెన్ను కొనతో తలలు లెక్కపెట్టి, ఇస్త్రీపెట్టె పట్టుకున్నావిడ పేరేమిటని అడిగి రాసుకున్నాడు. పది రోజులకి కాగితం వచ్చింది. ఇంటివాళ్ళు ఆరుగురు.

అతను ఆ కాగితం పట్టుకుని లాండ్రీకి వెళ్ళాడు. అక్క చదివి, మడిచి, జాకెట్లో పెట్టుకుంది.

"నువ్వా ఫోటోలు తీసిన రోజు మూడుసార్లు నా చెయ్యి ఆగిపోయిందిరా. మూడు చొక్కాలు మాడాయి. మొదటిసారే ఒప్పుకుని ఉంటే రెండు మిగిలేవి" అంది.

అతనికి నవ్వు రాలేదు.

"అక్కా, అప్పుడు నువ్వు ఫ్రేములో పట్టడం లేదన్నాను చూడు, అది..."

"బటన్ నొక్కింది నేనే కదరా. రింగు ఇరవైనాలుగు మీద ఉంది. పద్దెనిమిది మీదికి తిప్పితే అందరం పట్టేవాళ్ళం."

ఎనిమిదేళ్ళుగా అది తనొక్కడికే తెలుసనుకున్నాడు.

"తెలిసి... నువ్వే ఎందుకు తిప్పలేదక్కా?"

"నువ్వు తిప్పుతావేమోనని చూశాను" అంది. "పది లెక్కపెట్టి, అప్పుడు నొక్కాను."

ఏడుపు ఆపుకోలేక అతను బల్ల మీదికి వంగిపోయాడు. అక్క మాడిన చొక్కా ఒకటి కళ్ళు తుడుచుకోమని అతని ముందు పడేసి, ఇస్త్రీపెట్టె తీగ పీకింది. ఆ పెట్టె ఆమె సొంతం, వెంట తీసుకెళ్ళాలి. అది చల్లారేదాకా ఇద్దరూ ఆ బల్ల దగ్గరే నిలబడ్డారు.