కడిగి గీసిన గీత

ఫిట్టరు బూట్ల లేసులు కట్టుకుంటుంటే భార్య గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఈ ఒక్క రోజూ మావాడికి అడ్డం పడకండి."

"నేనెందుకు అడ్డం పడతాను?"

"పడతారని కాదు. మీ నోట్లోంచి ఒక మంచి మాట బయటికి రావాలంటే క్రేను పెట్టి లాగాలి. అందుకని ముందే చెప్తున్నా."

మావాడంటే ఆమె తమ్ముడు. ఫిట్టరు పనిచేసే చమురు రిగ్గులోనే అసిస్టెంటు డ్రిల్లరు. ఆ రోజు తొలిసారి అతను బ్రేకు పట్టుకుని, బావిలోకి ఇనుప గొట్టాల వరసను సొంతంగా దించాలి. బావి తవ్వించుకుంటున్న కంపెనీవాళ్లు దగ్గరుండి చూస్తారు. సాఫీగా దించితే డ్రిల్లరైపోతాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి ఆమే పెంచింది. ఈ ఉద్యోగం కోసం అతని కంటే ఆమే ఎక్కువ ఎదురుచూస్తోంది.

ఫిట్టరు తలూపి వ్యానెక్కాడు. తన తల్లి కంటి ఆపరేషనుకని వారం సెలవు పెట్టి, మళ్లీ పనిలోకి వెళ్తున్నది ఆ ఉదయమే.

రిగ్గులో అతను చూసుకునేది యాంకరు. బరువులెత్తే ఇనుప తాడు మోటారు డ్రమ్ము నుంచి మాస్టు అనే ఎత్తైన ఇనుప గోపురం కొసకు ఎక్కి, కప్పీల మీదుగా కిందికీ పైకీ తిరిగి, చివరికి నేలకు దిగుతుంది. అక్కడ ఒక లావుపాటి చక్రానికి చుట్లు చుట్టుకుని, పక్కనున్న క్లాంపు దవడల మధ్య బిగుసుకుంటుంది. చక్రం, క్లాంపు కలిపి యాంకరు. మిగతా తాడంతా పరిగెత్తుతుంటుంది, ఈ కొస కదలదు. అందుకని రిగ్గులో దాన్ని చచ్చిన కొస అంటారు. ఆ మాట ఇంట్లో వినబడితే భార్య ఊరుకోదు. "కదలనిదల్లా చచ్చినట్టేనా? అలాగైతే సెలవు రోజు మిమ్మల్నేమనాలి?" అంటుంది. ఇంట్లో అతను దాన్ని నిలకడ కొస అనడం నేర్చుకున్నాడు.

సెలవుకు ముందే కొత్త తాడు ఎక్కించారు. కొత్త తాడు మొదటి బరువులకు సాగి కాస్త సన్నబడుతుంది. అప్పుడు క్లాంపు బోల్టులు మళ్లీ బిగించకపోతే పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గిందో లేదో చూడటానికి ఫిట్టరు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. దవడల్లోంచి తాడు చక్రం వైపు బయటికొచ్చే చోట, అంచుకు ఆనించి తాడు చుట్టూ తెల్ల పెయింటుతో గీత గీస్తాడు. తాడు జారితే గీత అంచును వదిలి ముందుకు పోతుంది, మధ్యలో సందు కనిపిస్తుంది. రోజూ ఆ గీతను చూస్తుండమని బామ్మర్దికి అప్పగించి వెళ్లాడు.

యాంకరు దగ్గరికెళ్లి వంగి చూశాడు. గీత అంచుకు ఆనే ఉంది. తెల్లగా మెరుస్తోంది. చుట్టూ ఉన్న తాడుకు గ్రీజూ మన్నూ పట్టి నల్లగా ఉంటే, గీత ఒక్కటీ కొత్త చొక్కాలా ఉంది. గోటితో గీకాడు. కింద ఉత్త ఇనుమే తగిలింది, పాత గీత జాడ లేదు.

బామ్మర్ది హెల్మెట్ సరిచేసుకుంటూ వచ్చాడు. "ఏం బావా, వచ్చీ రాగానే దానికి దణ్ణం పెడుతున్నావా?"

"గీత ఎవరు గీశారు?"

"నేనే. గ్రీజు పట్టి అసహ్యంగా ఉంటే, పెద్దవాళ్లు చూస్తారు కదా అని శుభ్రంగా కిరోసిన్‌తో కడిగి మళ్లీ గీశాను. ఎలా ఉంది?"

"కడిగేముందు చూశావా? అంచుకు ఆనే ఉందా?"

"మొదట్లో రోజూ చూశాను. ఆనే ఉండేది. తర్వాత గ్రీజులో కనబడలేదు."

"బోల్టులు?"

"బిగించాను బావా. నేనేం చిన్నపిల్లాణ్ణా?"

"బిగించే ముందే జారి ఉంటే?"

"ఎందుకు జారుతుంది? బరువు మీటరు సరిగ్గానే చూపిస్తోంది."

జారి ఆగిన తాడుకైనా మీటరు సరైన బరువే చూపిస్తుందని ఇద్దరికీ తెలుసు. జారితే దవడల పళ్లు తాడు తీగల్ని చెక్కేస్తాయి. చెక్కుకుపోయిన తాడు మీద గొట్టాల వరస వేలాడుతుంటే, దాని కింద ఆరుగురు పనిచేస్తుంటారు.

ఫిట్టరు వెళ్లి రిగ్గు మేనేజరుకు చెప్పాడు. మేనేజరు చేతిలో టీ కప్పు ఉంది. కంపెనీవాళ్ల జీపు అప్పటికే గేటు దాటింది.

"జారిందంటావా?"

"అనడం లేదు సార్."

"పోనీ, జారలేదంటావా?"

"అదీ అనలేను."

"మరి ఏమంటావయ్యా?"

"విప్పి చూడాలంటున్నాను."

విప్పాలంటే ముందు పైన తాడుకు వేలాడే బ్లాకును, అంటే గొట్టాలను మోసే కప్పీల దిమ్మను, మాస్టుకు కట్టేసి, తాడు మీద బరువు లేకుండా చేయాలి. సగం రోజు పోతుంది. మేనేజరు టీ పారబోశాడు.

"నీ సొంత బామ్మర్ది కదయ్యా బ్రేకు మీద ఉన్నది!"

"అవును సార్."

"నీ మాట లేకుండా దించమంటే?"

"మీ ఇష్టం. కింద నిలబడేవాళ్లకు మాత్రం ముందు చెప్పి దించండి."

మేనేజరు తిట్టుకుంటూ పని ఆపించాడు.

బ్లాకు కడుతుంటే బామ్మర్ది దగ్గరికొచ్చాడు. గ్లవ్స్ తీసి రెయిలింగు మీద కొట్టాడు. "నీకు నా మీద ఏదన్నా ఉంటే ఇంట్లో చెప్పు బావా. ఇంతమందిలో కాదు."

"నీ మీద ఏమీ లేదు."

"నేను గీశాను కాబట్టేగా?"

"ఎవరు గీసినా ఇంతే."

"అబ్బో, ధర్మరాజు!" అన్నాడు బామ్మర్ది. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఫిట్టరు రెంచి అందుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక దవడలు విడిపోయాయి. అందరూ మూగి చూశారు. తాడు మీద పళ్ల గుర్తులు ఒక్క వరసే ఉన్నాయి. చెక్కుకుపోయిన జాడ లేదు. తాడు జారలేదు.

ఫిట్టరు దవడల్ని గుడ్డతో తుడిచాడు, తాడును సర్దాడు, బోల్టులు వరసగా బిగించాడు. భోజనానికని వెళ్లిన కంపెనీవాళ్లు తిరిగి రాలేదు. సాయంత్రం షిఫ్టు మారింది. గొట్టాలను ఆ షిఫ్టు పాత డ్రిల్లరు దించాడు. తర్వాతి బావికి కొత్త డ్రిల్లరుగా వేరే రిగ్గు మనిషిని తీసుకుంటున్నట్టు మర్నాడు తెలిసింది.

ఇంట్లో భార్య ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "జారిందా?"

"లేదు."

"మరి ఆపడం దేనికి?"

"జారిందో లేదో తెలియలేదు."

ఆమె కంచం పెట్టింది, వడ్డించింది, వెళ్లి పెరట్లో కూర్చుంది. రెండు రోజులు ఇంట్లో అవసరమైన మాటలే నడిచాయి. గ్యాసు అయిపోయింది. కరెంటువాడు వచ్చాడు. మీ అమ్మ కంట్లో చుక్కలు వేశారా అని ఫోను చేసి అడగండి.

మూడో రోజు బట్టలు మడతపెడుతూ తనలో తను అనుకున్నట్టుగా అంది. "చిన్నప్పుడు వాడికి పలక కడగడం నేర్పింది నేనే. తప్పు రాస్తే దిద్దుకోనిచ్చేదాన్ని కాదు. మొత్తం కడిగి, ఆరబెట్టి, మళ్లీ మొదటినుంచి రాయమనేదాన్ని. ఎక్కడ తప్పు రాశాడో వాడికీ గుర్తుండేది కాదు, నాకూ గుర్తుండేది కాదు." చేతిలోని చొక్కాను ఇంకోసారి మడతపెట్టింది. "పలక ఎంత శుభ్రంగా ఉండేదో!"

ఫిట్టరు మడతపెట్టిన బట్టలు తీసుకెళ్లి బీరువాలో సర్దాడు.

ఆదివారం పొద్దున ఆమె తమ్ముడికి ఫోను చేసింది. ఫిట్టరు స్నానాల గదిలోంచి వస్తూ విన్నాడు. "భోజనానికి రారా... ఆ, ఉంటారు. ఇల్లు ఆయనది, ఎక్కడికి పోతారు?" అవతలి మాట చాలాసేపు సాగింది. ఆమె గోడ మీది మరకను వేలితో రుద్దుతూ విన్నది.

"అక్కకు తమ్ముడి కన్నా మొగుడెక్కువా అంటావేంట్రా? అదా లెక్క? కింద నిలబడే ఆరుగురిలో నువ్వుంటే?" అవతలి జవాబు విన్నది. "నువ్వు పైన బ్రేకు మీద ఉంటావు, నాకు తెలుసు. ఆ ఆరుగురికీ అక్కలుండరా?"

అవతల ఫోను పెట్టేశాడు. ఆమె కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుంది.

"వస్తాడా?" అన్నాడు ఫిట్టరు.

"రాడు."

"నేను వెళ్లి మాట్లాడనా?"

"వద్దు. మీరు మాట్లాడితే నాకూ కోపం వస్తుంది." ఆమె వంటగదిలోకి వెళ్లింది. "ఇవాళ రాడు. తర్వాత సంగతి తెలీదు. ఇద్దరికే వండుతున్నాను, తొందరగా తినేద్దాం."

ఫిట్టరు వెళ్లి ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చున్నాడు. ఆమె కత్తి అందించింది.