ఎత్తు భత్యం

"నీదేముందిలే, యార్డు క్రేను. నలభై మీటర్ల ఎత్తున ఊగుతూ కూర్చుంటే తెలుస్తుంది, నొప్పులంటే ఏమిటో," అన్నాడు క్వియెత్, అతనింకా క్రేన్ ఎక్కి దిగే రోజుల్లో ఒక సాయంత్రం, మెడ నా వైపు వంచి. పులుసు కోసం రోట్లో దంచుతున్న పీతలు సగంలో వదిలేసి, చేతులు కడుక్కుని, మొగుడి మెడకు మందు రాశాను. నేనూ ఎనిమిది గంటల షిఫ్టు చేసి అప్పుడే వచ్చానన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తట్టదు. నా పేరు న్యాన్. తీరిక అని అర్థం. పెట్టిన మా నాన్నకు వెటకారం ఎక్కువనుకుంటాను.

వియత్నాంలోని హైఫాంగ్ రేవులో మేమిద్దరం క్రేన్ ఆపరేటర్లమే. ఒకే బడిలో, ఒకే ఏడాది పని నేర్చుకున్నాం. లైసెన్సు పరీక్షలో నేను మొదట వచ్చాను, అతను పదకొండోవాడు. మా రేవులో ఓడ మీంచి కంటైనర్లు దించే పెద్ద క్రేన్లు మగవాళ్లవి. దించినవాటిని పేర్చే యార్డు క్రేన్లు ఆడవాళ్లవి. ఆ ముక్క ఎక్కడా రాసి ఉండదు, జీతాల పట్టీ చూస్తే తెలిసిపోతుంది. నేనూ రెండేళ్లు ఓడ క్రేన్ నడిపినదాన్నే. కాన్పు సెలవయ్యాక తిరిగి వచ్చేసరికి నా పేరు యార్డు జాబితాలో ఉంది. "చంటిపిల్ల తల్లివని కంపెనీ దయతలిచింది," అన్నారు అందరూ. ఆ దయకు దండం కూడా పెట్టాను. పదకొండేళ్లుగా ఆ దయ పుణ్యాన అతని జీతంలో సగం తెచ్చుకుంటూ వచ్చాను.

కిందటేడాది కంపెనీ క్రేన్లన్నిటికీ కెమెరాలు బిగించింది. ముందు యార్డు ఆడవాళ్లను, ఆ తర్వాత ఓడ క్రేన్ల వీరులనూ కిందికి దించి, ఒకే హాలులో తెరల ముందు కూర్చోబెట్టింది. అవే కుర్చీలు, అవే మీటలు, అదే ఏసీ. మధ్యలో నడవడానికి ఒక దారి. ఆ దారికి అటువైపు మగవాళ్లకు మాత్రం, ఎత్తున పని చేసినందుకిచ్చే ఎత్తు భత్యం ఆగలేదు. నేల మీద కూర్చున్నవాడికి ఎత్తు భత్యం ఏమిటని మా సూపర్‌వైజర్ ఖాంగ్‌ను అడిగాను.

"మనిషి దిగినంత మాత్రాన గౌరవం దిగుతుందా చెల్లెమ్మా?" అన్నాడు. గొప్ప మాట అనేశాననుకుని తనే నవ్వుకున్నాడు కూడా.

గౌరవం మాటేమో గానీ, మా ఆయనకు తెర మీద లోతు అందలేదు. రెండు వారాల్లో మూడు కంటైనర్లను లారీల మీద దబ్బుమని దించాడు. ఖాంగ్ నన్ను పిలిచి, "నీకిది మూడేళ్ల అలవాటే అయినట్టు చకచకా చేస్తున్నావు. నీ షిఫ్టయ్యాక రోజూ రెండు గంటలు అతని వెనక నిలబడి చూపించు. ఇంటి మనిషివి, దీనికి వేరే జీతం ఎందుకు?" అన్నాడు. రెండు నెలలు నిలబడ్డాను. "పెట్టెను కాదు, దాని నీడను చూడు. నీడ దగ్గరపడుతుంటే వేగం తగ్గించు," అని చెబితే, "పంతులమ్మలా మాట్లాడకు, నలుగురూ వింటున్నారు," అని పళ్లు కొరికేవాడు. ఇంటికొచ్చి వాళ్లమ్మతో, "వారంలో పట్టేశానే అమ్మా, చెయ్యి తిరిగినవాణ్ణి కదా!" అనేవాడు. మా అత్తగారు మురిసిపోయి చేపలో మంచి ముక్క అతని గిన్నెలో వేసేది. నేను తోక ముక్కతో సరిపెట్టుకునేదాన్ని. మాట్లాడితే ఇల్లు చెడుతుందనుకున్నాను. ఇల్లంటే అతని పరువే అని నాకెవరు నూరిపోశారో, నేనెందుకు మింగానో, ఇప్పుడు తలుచుకుంటే అతని కంటే నా మీదే ఎక్కువ అసహ్యం వేస్తుంది.

టెట్, మా కొత్త సంవత్సరం పండుగ, సెలవులు అవగానే నోటీసు అంటించారు. ఇకమీదట ఒక్కరే మూడు ఓడ క్రేన్లు చూసుకోవాలట. పన్నెండు మందిలో నలుగురు చాలట. లైసెన్సున్న ఎవరైనా పరీక్షకు రావచ్చు, ఓడినవాళ్లు యార్డుకు, యార్డు జీతానికి. నేను ఖాంగ్ దగ్గరికి వెళ్లి ఫారం అడిగాను.

"నీకెందుకమ్మా? ఓడ క్రేన్ వద్దని నువ్వేగా రాసిచ్చావు?"

"నేనా?"

అతను నా ఫైలు తీసి చూపించాడు. పదకొండేళ్ల కిందటి అర్జీ. 'బిడ్డ తల్లిని. ఎత్తంటే భయంగా ఉంది. దయచేసి యార్డుకు మార్చగలరు.' కింద నా పేరు. అక్షరాలు మాత్రం క్వియెత్‌వి. ఆ తేదీన నేను ఆసుపత్రిలో కుట్లతో పడుకుని, పాలు చాలక ఏడుస్తున్న బిడ్డను జోకొడుతున్నాను. పాలు పడతాయని పచ్చి బొప్పాయి వేసి కాచిన సూప్ తెచ్చి, అతను నాకు చెంచాతో తాగించాడు ఆ వారమంతా. ఎంత మంచివాడో అని పక్క మంచం ఆవిడ మెచ్చుకుంది.

ఇంటికెళ్లి అడిగాను. అతను ఫుట్‌బాల్ చూస్తూ, తల తిప్పకుండానే, "అప్పుడు ఓడ క్రేన్ల మీద ఒక్క ఖాళీ కూడా లేదు. నువ్వు తప్పుకుంటేనే నాకొచ్చింది. ఒకే ఇల్లు కదా, ఎవరెక్కితే ఏం?" అన్నాడు.

"ఎవరెక్కితే ఏమైతే, నువ్వే కింద ఉండొచ్చుగా?"

ఈసారి తల తిప్పాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనా? యార్డులోనా?"

"పాత కాగితానికి ఇప్పుడు పంచాయితీ ఏమిటి అమ్మాయ్?" అంది అత్తగారు. "వాడి పరీక్షకు వెనక నిలబడతావా లేదా, అది చెప్పు."

నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఎదుటివాడు మనిషంత ఉండాలి.

"నిలబడను. నేనూ రాస్తున్నాను," అన్నాను.

పరీక్షలో మా కుర్చీలు పక్కపక్కనే పడ్డాయి. పరీక్ష సగంలో అతను, ముందున్న మైకు తెరిచి ఉందన్న సంగతి మరిచిపోయి, "న్యాన్, నీడ ఎటుంది?" అని గొణిగాడు. హాలంతా వింది. నేను నా తెర చూసుకున్నాను.

జాబితాలో నాది రెండో పేరు, అతనిది అయిదోది. యార్డు నుంచి వచ్చినవాళ్లకు భత్యం ఉండదేమోనని ఖాంగ్ నసిగితే, ఆ మాటే కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు. భత్యం వచ్చింది.

కొత్త షిఫ్టు మొదలయ్యే రోజు పొద్దున్నే క్వియెత్ ఒక తెల్ల కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "నువ్వు తప్పుకుంటే నాలుగోవాణ్ణి నేనే. అర్జీ నేనే రాస్తాను, నువ్వు సంతకం పెట్టు చాలు." పాపం, ఈసారి సంతకమైనా నన్నే పెట్టమంటున్నాడు.

కాగితాన్ని అతని వైపే జరిపి, హెల్మెట్ తీసుకున్నాను.

"మరి మధ్యాహ్నం వంటో?" అంది అత్తగారు.

"మీ అబ్బాయి యార్డు షిఫ్టు రెండింటికి కదా అత్తయ్యా, బోలెడంత టైముంది," అని బండి తీశాను.