జలకన్య ఉంచేసుకున్న ట్యూబా

పాత ఇత్తడి వాయిద్యాలు కొని, సొట్టలు తీసి, తోమి అమ్ముకునేదాన్ని నేను. కార్నివాల్ పండగకి ముందు వారం, మా గనుల ఊరు ఒరూరోలో నా కొట్టుకి ఊపిరి సలపదు. బాండువాళ్ళకి ఏడాదంతా కనబడని చిల్లులన్నీ అప్పుడే కనబడతాయి మరి!

ఆ వారమే పల్లపు ప్రాంతపు లారీ డ్రైవరొకడు తన బావదంటూ ఒక ట్యూబా, అదే ఒళ్ళో పట్టనంత పెద్ద బాకా, తెచ్చి అమ్మాడు. కడిగితే గొట్టంలోంచి నమిలే కోకా ఆకులు రాలాయి. మా ఊళ్ళో ఎవరి జేబులో ఉండవు గనక! పట్టించుకోలేదు. ట్యూబా మెడకి కట్టిన ఎర్ర ఊలుదారం విప్పి మేకుకి తగిలించాను.

ఆ ట్యూబాని నెయ్‌సా అనే పిల్ల కొనుక్కుంది. ట్యూబా సొంతంగా తెచ్చుకుంటేనే ఆడపిల్లల బాండులో ఆ పిల్లకి చోటు. మర్నాడు దాని మీట బిగించుకోవడానికి వచ్చి వేడి మొక్కజొన్న జావ తాగుతూ కూర్చుంది. అప్పుడొచ్చాడు హిలారియోన్, పాత గనికార్మికుడు, మొహం వెలిగిపోతూ.

"సతుర్నీనమ్మా, ఓ ట్యూబా చూపించు. నాది జలకన్య ఉంచేసుకుంది!"

కార్నివాల్ ముందు వాయిద్యాలని ఒక రాత్రి ఊట దగ్గర వదిలేస్తారు మావాళ్ళు. జలకన్య వచ్చి శ్రుతి చేస్తుంది. మావాళ్ళెవరూ వాటి మీద చెయ్యి వెయ్యరు.

"రెండేళ్ళుగా దాని కింది స్వరం పలకట్లేదమ్మా. బాగుచెయ్యి తల్లీ అని ఆకులేసి, ఎర్రదారం కట్టొచ్చా. తెల్లారి చూస్తే లేదు! అంతమందిలో నాదే నచ్చింది చూడు!"

నా చూపు మేకు మీదికి పోయింది. నోరు మూసుకుంటే ముసలాయనా, పిల్లా ఇద్దరూ సంతోషంగానే ఉందురు. నాకే ముద్ద దిగదు. ఆ డ్రైవర్ని నోరారా తిట్టి, ఉన్నదంతా చెప్పేశాను.

నెయ్‌సా మొహం పాలిపోయింది. ట్యూబా తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది. "తీసుకెళ్ళు తాతా. నాకు..." అంటూ ఏడ్చేసింది.

ఆయన పాత సొట్టని తడిమి చూసుకుని, ఊదాడు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్ళీ ఊదాడు. గని దగ్గు తెరలు తెరలుగా వచ్చింది.

"నువ్వు ఊదు పిల్లా. ముందు ముక్కు తుడుచుకో."

నెయ్‌సా ఊదింది. కింది స్వరానికి కొట్టు అద్దాలు అదిరాయి. గోడకున్న కంచు తాళాలు వాటంతటవే జుమ్మన్నాయి.

హిలారియోన్ నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నాడు. "దీనికేం కాలేదన్నమాట. పోయింది నా ఊపిరితిత్తులు. పాపం, రెండేళ్ళుగా దీన్ని తిట్టిపోస్తున్నా."

"తాతా, మరి శనివారం ఊరేగింపులో నువ్వు..."

"నీ దగ్గరే ఉండనీ. నేనడిగింది పలికించమనేగా. పలికించింది ఆ జలకన్య తల్లి."

నాకు కడుపు నిండిపోయింది. గోడ మీది తాళాలు తీసి ఆయన చేతుల్లో పెట్టాను. వీటికి ఊపిరితో పనిలేదు.

"ఎంతమ్మా ఇవి?"

"ధర అడిగారంటే వాటితోనే మొత్తుతా. పట్టుకెళ్ళండి."

ఆయన ఒకసారి ఖణేలుమనిపించి చూసి, చిన్నపిల్లాడిలా నవ్వాడు. మేకు మీది ఎర్రదారం తీసి ట్యూబా మెడకి తనే ముడేశాడు.

"వచ్చే ఏడు దీన్ని ఊట దగ్గరికి నువ్వే తీసుకెళ్ళాలి పిల్లా. ఏమీ అడక్కు. మా హిలారియోన్ తాత చాలా సంతోషమన్నాడని మాత్రం చెప్పు."